కుట్లకు చీము పడితే తప్పెవరిది?

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆడమనిషి కుట్లకు చీము పడితే దవాఖానలో మొదట వినిపించే మాట ఒకటే: "మీకు శుభ్రత లేదు." మన వాడ పేరు చెప్తే ఆ మాట ఇంకా గట్టిగ వస్తది. ఇంటికాడ జాగ్రత్త అవసరమే. కాని ఇంటి మీద నింద వేసి ఆపరేషన్ గదిని దాచిపెడితే మేము ఒప్పుకోం.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన్రు. వారం తిరగకముందే నలుగురు తల్లులు చనిపోయిన్రు. మిగిలినోళ్ళను హైదరాబాద్ పెద్దాసుపత్రులకు తరలించవలసి వచ్చింది. వీళ్ళంతా ఒక్క ఇంట్లో ఉన్నరా? ఒక్క బావి నీళ్ళు తాగిన్రా? అందరూ కలిసింది ఆ ఆపరేషన్ బల్ల దగ్గరనే.

లాపరోస్కోపును ఒకరి కడుపులోంచి తీసి ఇంకొకరి కడుపులో పెట్టేముందు కడగాలి, మందు ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి, మళ్ళీ శుద్ధిచేసిన నీళ్ళతో కడగాలి. ఒక్కటే పరికరం ఉంటే 34 మందికి నానబెట్టడానికే 11 గంటలు కావాలె. గాటు చిన్నదే. కాని దాంట్లోంచి లోపలికి పోయిన క్రిమి రక్తంలో కలిస్తే ప్రాణం తీస్తది. ఇదేమీ కొత్త శాస్త్రం కాదు. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతరని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే చూపించిండు. ఇట్లాంటి శిబిరాలు మూడేండ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో చెప్పింది. ఆ గడువు దాటిన తర్వాతనే ఇబ్రహీంపట్నం జరిగింది. చచ్చినంక ఇచ్చే పరిహారం, చావక ముందు తీసుకోని జాగ్రత్తకు బదులవుతదా?

కార్యకర్తలారా! కాన్పు ఆపరేషనైనా, గర్భసంచి ఆపరేషనైనా, కు.ని. ఆపరేషనైనా, అయినోళ్ళ ఇంటికి నెలదినాలు పోయి చూడండి. జ్వరం, కుట్ల చుట్టు ఎరుపు, వాపు, చీము, చెడువాసన, కుట్లు విడిపోవడం, కడుపుబ్బరం, ఆగని వాంతులు: ఏ ఒక్కటి కనిపించినా పసరు కట్టి కూర్చోవద్దు. ఆ రోజే దవాఖానకు తీసుకపోండి. చీటీలన్నీ భద్రంగ దాచండి. ఆపరేషన్‌కు ముందే అడగండి: ఇయ్యాల ఎంతమంది? పరికరాలెన్ని?

ఆ దవాఖాన నేల కడిగేది ఎక్కువగా మన ఆడబిడ్డల చేతులే. అదే దవాఖానలో మన కడుపులోకి పోయే కత్తిని కడిగిన్రా లేదా అని అడిగే హక్కు మనకుంది. అడుగుదాం.