తడిసిన ఖాతా పుస్తకాలు చాలు, లెక్కను వెలుగులోకి తెండి!

మహమ్మద్‌నగర్ మండల వ్యాపారులకు, సొసైటీ పెద్దలకు, గిర్ని యజమానులకు, వరికోత మిషన్లు తిప్పే అన్నలకు, యూరియా లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డ ప్రతి రైతుకూ...

2025 వానాకాలం ఏం చేసిపోయిందో ఈ మండలంలో ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆగస్టు 27, చవితి నాడు, రాజంపేట మండలం అర్గొండలో ఒక్క దినంలోనే 40 సెంటీమీటర్లు దాటి వాన కొట్టింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. భిక్కనూరు దగ్గర పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. పోచారం ప్రాజెక్టు కట్ట నిలుస్తుందా అని జిల్లా అంతా గుండెలు అరచేతిలో పెట్టుకుంది. ఆ రాత్రి మనమందరం ఫోన్లు పట్టుకొని నిజాంసాగర్‌కు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని గేట్లు లేపారు అని చూసుకుంటూ కూర్చున్నాం. 1931లో కట్టిన డ్యాం లెక్క ఫోన్లో కనబడింది. మన దుకాణాల లెక్కలు మాత్రం తెల్లారి బురదలో దొరికాయి.

నేను దుకాణాలకు పద్దులు రాసి బతికేవాణ్ని. నీళ్లు తీసినాక ఒక ఎరువుల దుకాణం సేటు పుస్తకాలు ఆరబెట్టడానికి పిలిస్తే పోయాను. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం, పేజీకి పేజీ అంటుకుపోయింది. బ్లేడుతో మెల్లగా విడదీస్తే నీలం సిరా కారిపోయిన మరకలే ఎక్కువ. చదవడానికి మిగిలిన పద్దుల్లో ఒకటి: ‘సాయిలు, డీఏపీ 3, పొటాష్ 1, పంటకు ఇస్తడు.’ ఏ సాయిలు? ఆ పుస్తకంలో ఆ పేరుతో నలుగురున్నారు. ఏ తేదీ, ఏ ధర? సేటు తనకు గుర్తున్నంత అడిగాడు, రైతు తనకు గుర్తున్నంత ఒప్పుకున్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడేవాళ్లు కాదు. ఇరవై ఏళ్ల ఉద్దెర సంబంధం ఒక్క మధ్యాహ్నంలో తెగిపోయింది. ఆ రైతు ఇప్పుడు ఎరువుకు బాన్సువాడ పోతున్నాడు.

వాన ఎవరి చేతిలోనూ లేదు, నిజమే. ఒక్క పుస్తకం, ఒక్క చోట, ఒక్క మనిషి చేతిరాతలో ఉండటం మాత్రం మన చేతిలో ఉన్నదే.

ఇక యూరియా సంగతి. వరదకు ముందూ, తర్వాతా, కోమలంచ నుంచి, గున్కుల్ నుంచి, బూర్గుల్ నుంచి మనుషులు తెల్లారకముందే వచ్చి లైన్లో చెప్పులు పెట్టారు. పాస్‌బుక్కులు, ఆధార్ జిరాక్సులు రాయి కింద పెట్టి పక్కన కూలబడ్డారు. పసిపిల్లను చంకనేసుకొని వచ్చిన తల్లులున్నారు. 45 కిలోల సంచి, 266 రూపాయల 50 పైసలు. దాని కోసం ఒక దినం కూలి, ఆటో కిరాయి, ఒక్కోసారి రెండో దినం కూలి కూడా. పొద్దెక్కినాక షట్టర్ లేపి, ‘లోడు రాలేదు, రేపు రండి’ అన్న ఒక్క మాట.

ఆ మాట చెప్పడానికి అంతమందిని ఎండలో నిలబెట్టాలా? దుకాణంలో ఈ-పాస్ మిషన్ ఉంది. 2018 నుంచి ఎరువు సంచి అమ్మాలంటే ఆ మిషన్‌లో లెక్క ఎక్కాల్సిందే. ఏ దుకాణంలో ఎంత సరుకుందో సర్కారు కంప్యూటర్లకు తెలుసు. తెలియనిది షట్టర్ ముందు నిలబడ్డ మనిషికే! ఆ మిషన్ సంచి అమ్మినాక లెక్క రాసుకుంటుంది. రేపు ఎవరి వంతు, ఎల్లుండి ఎవరి వంతు అనేది దాని పని కాదు. ఆ పని మనది, మనం చేయలేదు.

ఇట్లా చేయొచ్చు. రేపు 300 సంచులు వస్తాయని లారీ బయలుదేరగానే దుకాణదారుకు తెలుస్తుంది. మనిషికి రెండు చొప్పున 150 మందికి వంతు. ముందు పేరు రాసుకున్నవాళ్లకు ముందు. ఎవరు ఏ గంటకు రావాలో ఫోన్‌కు సందేశం. 151వ మనిషికి ‘నీ వంతు తర్వాతి లోడుకు’ అని అదే క్షణంలో తెలిస్తే, ఆ మనిషి తన పొలంలోనే ఉంటాడు, కలుపు తీసుకుంటాడు. దుకాణం ముందు తోపులాట ఉండదు, పోలీసు అక్కర్లేదు, సేటుకు తిట్లు తప్పుతాయి. దీనికి కావాల్సింది ఒక డేటాబేసు, దాన్ని ఫోన్లో చూపే ఒక వెబ్‌సైటు. అంతే.

డేటాబేసు అంటే కొత్త బ్రహ్మవిద్య కాదు. గళ్లు గీసిన పట్టికలే. రైతుల పట్టిక ఒకటి, సరుకుల పట్టిక ఒకటి, అమ్మకాలది ఒకటి. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లోనే రాసి పెట్టాడు. బ్యాంకుల లెక్కలు, కరెంటు బిల్లులు ఎక్కువగా దాని మీదే నడుస్తున్నాయి. ప్రతి రైతుకూ ఒక్క నంబరే ఉంటుంది కాబట్టి నలుగురు సాయిలులు నలుగురుగానే ఉంటారు. స్టాకులో సంచి తగ్గడం, రైతు ఖాతాలో పద్దు ఎక్కడం కలిసే జరుగుతాయి. నడుమ కరెంటు పోతే రెండూ జరగవు, సగం లెక్క మిగలదు. ఒకే వంతు ఇద్దరికి రాయబోతే ఒప్పుకోదు. పద్దు దిద్దితే పాత అంకె, దిద్దినవాడి పేరు, గంట అన్నీ నిలిచి ఉండేట్టు కట్టించుకోవచ్చు. రోజూ రాత్రి దాని నకలు ఇంకో ఊళ్లోని సర్వర్‌కు పోతుంది. అర్గొండ వానలాంటి వాన మళ్లీ వచ్చినా ఆ నకలు తడవదు.

మీలో కొందరు ‘మాకు వెబ్‌సైటు ఉంది కదా’ అంటారు. చూశాను. దేవుడి బొమ్మ, దుకాణం ఫొటో, ఫోన్ నంబరు, పైన అటూ ఇటూ పరుగెత్తే అక్షరాలు. ధర ఎప్పటిదో పెట్టిన కుర్రాడికే తెలియదు. అట్లాంటిది గోడ మీది రాత లాంటిదే. పట్నం నుంచి వచ్చి అది అంటగట్టి డబ్బు పట్టుకుపోయినవాళ్లు మిమ్మల్ని మోసం చేశారు. సైటు వెనక మీ స్టాకు పుస్తకమే ఉండాలి. కాంటా మీద సంచి లేచిన మరుక్షణం గున్కుల్‌లో ఉన్న రైతు ఫోన్లో అంకె మారాలి. మారకపోతే దానికి పైసా ఇవ్వకండి.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే పని అనుకుంటే, మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా బిడ్డ సంగతి వినండి. ఫణీంద్ర సామ 2005లో బెంగళూరులో ఇంజనీరు. దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంటు దగ్గరికి పోతే ఆయన ట్రావెల్స్‌వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సీట్ల లెక్క ఒక్కో ట్రావెల్స్ ఆఫీసులో ఒక్కో కాగితం మీద ఉండేది. ఒక ఏజెంటు దగ్గర సీటు లేదంటే పక్క ఏజెంటు దగ్గర ఉండొచ్చు, ఎవరికీ తెలియదు. పండగ రాత్రి మనుషులు బస్టాండులో, బస్సులో ఖాళీ సీట్లు. ఆయన, స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. ఒక్క బస్సు కొనలేదు, ఒక్క డ్రైవరును పెట్టుకోలేదు. చెల్లాచెదురుగా ఉన్న సీట్ల లెక్కను ఒక్క చోటికి తెచ్చి అందరికీ చూపారు, అంతే. ఏడేళ్లకు, 2013లో, ఆ కంపెనీని ఐబిబో గ్రూపు వందల కోట్లు పెట్టి కొన్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఆయన్ను చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా పెట్టుకుంది. బస్సు యజమానులు నష్టపోయారా? ఖాళీగా పోయే సీట్లు నిండాయి.

మన వరికోత మిషన్లదీ ఇదే కథ. కోతల కాలంలో ఒక ఊళ్లో మిషన్ చెట్టు కింద నిలబడి ఉంటుంది, పక్క ఊళ్లో పండిన వడ్లు మబ్బు చూసి వణుకుతుంటాయి. యజమానికి గంట కిరాయి పోయె, రైతుకు పంట పోయె. నడుమ ఉన్న దళారి మాత్రం రెండు చేతులా కమీషన్ తింటాడు. ఏ మిషన్ ఏ ఊళ్లో, ఎప్పటిదాకా, గంటకు ఎంత అని ఒక్క పేజీలో కనబడితే ఆ దళారికి పనే ఉండదు.

ఇప్పుడు గట్టిగానే మాట్లాడుకుందాం. ఇంత తేలికైన పని ఇన్నేళ్లుగా ఎందుకు కాలేదు? పుస్తకం మూసి ఉంటే లాభపడేవాళ్లు మన మధ్యే ఉన్నారు కాబట్టి. ‘యూరియా కావాలంటే ఈ మందు డబ్బా కూడా కొను’ అని అంటగట్టినవాళ్లున్నారు. రైతుకు ‘లేదు’ అని చెప్పి వెనక తలుపు నుంచి తెలిసినవాళ్లకు పంపినవాళ్లున్నారు. 40 కిలోల వడ్ల బస్తాకు తరుగు పేరుతో కిలో, రెండు కిలోలు కోసి, ఎందుకు కోశారో చిట్టి ఇవ్వనివాళ్లున్నారు. లెక్క కట్టండి. వంద బస్తాల మీద బస్తాకు కిలో అంటే క్వింటాలు. 2025-26 మద్దతు ధర ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. ఆ డబ్బు రైతు ఇంటికి రాలేదు. తేమ 17 శాతం దాటిందా, తప్ప ఉందా, మట్టి ఉందా, ఏది కారణమో బస్తాల లెక్క పక్కన గడిలో రాయాల్సిందే, ఆ గడి రైతుకు ఫోన్లో కనబడాల్సిందే. రాయడానికి చెయ్యి వణికితే ఆ కోత దొంగతనమే. మర్యాద కోసం ఇన్నాళ్లూ దానికి వేరే పేర్లు పెట్టాం, ఇక పెట్టను.

విత్తనాల మాట అంతకన్నా చేదు. మొలక రాని విత్తనం అమ్మిన కంపెనీ మీద వినియోగదారుల ఫోరానికి పోయే హక్కు రైతుకు ఉందని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చింది. అదీ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే. హక్కు ఉంది, చేతిలో బిల్లు లేదు. తెల్ల చిట్టి మీద ‘విత్తనాలు 4’ అని రాసిస్తే, లాట్ నంబరు లేకుండా ఏ ఫోరం ఏం వింటుంది? నిజాయతీగా అమ్మిన దుకాణదారు కూడా ఇరుక్కుంటాడు, ఏ లాట్ ఎవరికి అమ్మాడో తనకే తెలియదు కనుక. లాట్ నంబరు డేటాబేసులో ఉంటే చెడ్డ లాట్ అని తెలిసిన అరగంటలో అది కొన్న ప్రతి ఇంటికీ కబురు పోతుంది, దుకాణం పేరు నిలబడుతుంది.

ఇక అడ్డు మాటలు. ‘మాకు చదువు రాదు’ అంటారు. పాల ప్యాకెట్‌కు ఫోన్‌తో డబ్బు కొడుతున్న అవ్వలున్న ఊళ్లో ఈ మాట చెల్లదు. ‘సిగ్నల్ ఉండదు’ అంటారు. సిగ్నల్ లేనప్పుడు రాసుకొని వచ్చినప్పుడు పంపేట్టు కట్టించుకోవచ్చు. ‘జీఎస్టీవాళ్లు పడతారు’ అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ‘ఫోన్ లేనివాళ్ల సంగతి’ అంటారు. వాళ్లకు దుకాణంలోనే వంతు రాసి అచ్చు చిట్టి ఇవ్వండి, వంతు వంతే.

భూముల లెక్కల కోసం సర్కారు పెట్టిన ధరణి పోర్టల్ పేరు ఎత్తేవాళ్లూ ఉన్నారు. 2020 అక్టోబరులో వచ్చింది, పేర్లు తప్పుపడి రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు, 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి వచ్చింది, కంప్యూటర్ లెక్క అంటే ఇదేనా అంటారు. తప్పు పడటం కాదు ధరణి పాపం. తప్పు దిద్దే తలుపు మండలంలో లేకుండా మూసేయడం పాపం. మన సైటులో ఆ తలుపు దుకాణం గల్లా దగ్గరే ఉండాలి. రైతు ‘ఇది నేను తీసుకోలేదు’ అని తన ఫోన్ నుంచే అభ్యంతరం రాయగలగాలి, అది తేలేదాకా ఆ పద్దు ఎర్రగా కనబడాలి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చినప్పుడూ దస్తావేజు లేఖరులు ఆగమైపోతామన్నారు. ఇప్పుడు చేతిరాత రిజిస్టర్లకు తిరిగి పోదామనే మనిషి ఒక్కడూ కనబడడు.

ఖర్చు సంగతి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులు ఉచితంగా దొరుకుతాయి, లైసెన్సు రుసుము లేదు. కట్టించే కూలి, నెలకింత సర్వర్ అద్దె మిగులుతాయి. ఒక్క దుకాణం మోస్తే బరువే, మండలంలోని దుకాణాలు, సొసైటీ, గిర్నులు, మిషన్ల యజమానులు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. మన పిల్లలు కామారెడ్డిలో, హైదరాబాద్‌లో ఈ పనే చేసి జీతాలు తీసుకుంటున్నారు. ముందు వాళ్లను అడగండి.

ఒక్క షరతు మాత్రం వదలొద్దు. లెక్క మనది. కట్టిచ్చినవాడు రేపు అలిగి పోయినా, పూర్తి నకలు మన చేతిలో ఉండేట్టు కాగితం మీద రాయించుకోవాలి. ఎవరి అప్పు వాళ్లకు, ఆ దుకాణదారుకు తప్ప మూడో మనిషికి కనబడకూడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే. చట్టం లేకున్నా మన ఊరి మర్యాద అదే. స్టాకు, ధర, వంతుల వరుస మాత్రం ఎవరైనా చూడొచ్చు. అందులో దాచేది ఏమీ లేదు.

సొసైటీ డైరెక్టర్లకు చెప్తున్నాను: వచ్చే పాలకవర్గ సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా దీన్ని పెట్టండి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో మినిట్స్ పుస్తకంలో రాసి, ఆ పేజీ నోటీసు బోర్డు మీద అంటించండి. వ్యాపారులారా, మీలో ముగ్గురు ముందుకొస్తే చాలు: ఒక ఎరువుల దుకాణం, ఒక గిర్ని, ఒక కోత మిషన్. ఈ యాసంగి వడ్లు కాంటా మీదికి రాకముందే ఆ మూడింటి లెక్క పట్టికల్లోకి ఎక్కాలి. ఒక నెల పాటు పుస్తకమూ, డేటాబేసూ రెండూ రాద్దాం, రోజూ సాయంత్రం రెండింటినీ పోల్చి చూద్దాం. పద్దులు ఎక్కించే పని నాది, ఆ నెలకు జీతం అడగను. వచ్చే ఆదివారం పొద్దున గ్రామపంచాయతీ ముందు ఉంటాను. మీ స్టాకు పుస్తకం, లైసెన్సు జిరాక్సు, పాత ఉద్దెర బాకీల జాబితా తీసుకొని రండి.