మా ఇంటిబడికి హాజరుపట్టీ లేదు

పట్నంలో ఉన్నోళ్లు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తే దానికి హోం స్కూలింగ్ అని పేరు. పేపర్లు ఫోటోలేసి రాస్తాయి. బట్టీ చదువుల మీద తిరుగుబాటు అని మెచ్చుకుంటాయి. అదే పని మా అమ్మలు, ఖాలాలు చేతిలో పైసా లేకుండా తరతరాలుగా చేస్తే దానికి పేరు లేదు. పైగా నింద ఉంది. 'తురకోళ్లు ఆడపిల్లల్ని చదివించరు, మగపిల్లల్ని మదర్సాలకు తోలుతారు' అని.

నల్లమల అంచున ఉన్న లింగాల మాది. మా వైపు ఊళ్లల్లో సాయిబుల ఇళ్లన్నీ కలిపినా గల్లీ నిండదు. ఆ గల్లీలో ఒక ఇల్లే బడి. అసర్ నమాజు అయినంక పిల్లలం పోయి చాప మీద కూర్చునేవాళ్లం. ఖాయిదా నలుగురికి ఒకటి. పలక లేనోళ్లకు బండ, బొగ్గుముక్క. ఉస్తానీబీ కుట్టుమిషన్ తొక్కుతూనే సబఖ్ వినేది. తల ఎత్తేది కాదు. తప్పు చదివితే మిషన్ ఆగేది, అంతే. జుమేరాత్ నాడు పావలానో అర్ధరూపాయో చేతిలో పెట్టేవాళ్లం. అదే ఫీజు. అదీ లేనోళ్లు సోలెడు జొన్నలు తెచ్చేవాళ్లు, లేకుంటే రెండు బిందెల నీళ్లు మోసేవాళ్లు. ఫీజు కట్టలేదని ఆమె ఎవర్నీ చాప మీది నుంచి లేపలేదు. అట్లా లేపని బడి మేం తర్వాత ఎక్కడా చూడలేదు.

అరబ్బీ అక్షరాలు వచ్చినంక ఉర్దూ ఎంతో దూరం లేదు. పే, టే, చే, గాఫ్ లాంటి కొన్ని అక్షరాలు కలుపుకుంటే చాలు. ఆ పని అమ్మీలు చేశారు. కిరాణా పొట్లం విప్పినంక మిగిలిన సియాసత్ కాగితమే వాచకం. బొంబాయికి కూలికి పోయిన మగోళ్ల ఉత్తరాలు చదవడమే పరీక్ష. దూదేకుల ఇళ్లల్లో ఈ కొంచెం కూడా లేదు. వాళ్ల ఇంటి భాష తెలుగు. సూరాలు నోటికొస్తే చాలనుకున్నారు. ముస్లింలంతా ఒకటే అని ఉపన్యాసాలిచ్చే మా పెద్దలకు ఈ తేడా కనబడదు.

ఇంటిచదువు మాకు కొత్త కాదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కూతుళ్ల కోసం 1869లో 'మిరాతుల్ ఉరూస్' రాశాడు. సర్కారు వెయ్యి రూపాయల ఇనాం ఇచ్చింది. ఆ తర్వాత ఆయన హైదరాబాద్‌లో నిజాం కొలువూ చేశాడు. అయితే అది షరీఫుల ఇళ్ల కథ. అందులో అస్గరీకి చదువుకునే తీరిక ఉంది. మా అస్గరీలు కూలి నుంచి వచ్చి, పొయ్యి ఊదుతూ చదివారు. వాళ్లకెవరూ ఇనాం ఇవ్వలేదు.

మరి సర్కారు ఏం చేసింది? తరగతిలో 10 మంది, లేదంటే బడిలో 40 మంది పిల్లలుంటే వాళ్ల మాతృభాషలో చెప్పాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు తీర్మానించారు. 1956లో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. మమ్మల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపిందీ అదే ఏడు. గల్లీ నిండని ఊళ్లో 40 మందిని ఎక్కడి నుంచి తేవాలి? 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. సంతోషమే. ఉత్తర్వు చదివి చెప్పే ఉస్తాదును కూడా ఉత్తర్వుతోపాటు పంపాలి కదా!

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. మా వెనకబాటుకు మదర్సాయే మూలమని మీరు సభల్లో చెప్తుంటారు. 2006 నాటి సచార్ నివేదిక తెరిచి చూడండి. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది 3 శాతం దగ్గర. 6 నుంచి 14 ఏళ్ల లోపు వాళ్లలో బడి గడప తొక్కనోళ్లు, మధ్యలో మానేసినోళ్లు 25 శాతం దాకా ఉన్నారు. ఆ 25ను వదిలి ఈ 3ను పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతారు?

ఇక మావాళ్ల సంగతి. 'ఆడపిల్లకు ఘర్ కీ తాలీం చాలు' అనే పెద్దమనుషుల కొడుకులు ఇంగ్లీషు మీడియంలో ఉంటారు. కొడుక్కి చాలని ఇంటిచదువు కూతురికి ఎట్లా చాలుతుంది? 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2012లో సవరణ తెచ్చి మతవిద్య చెప్పే మదర్సాలను, వేదపాఠశాలలను దాని నుంచి తప్పించారు. ఆ మినహాయింపు కోసం గట్టిగా మాట్లాడినోళ్లు ఇంట్లో ఆగిపోయిన ఆడపిల్ల కోసం అంత గట్టిగా మాట్లాడింది మేం వినలేదు.

మేం ఇంటిచదువును పొగడటం లేదు. ఖురాను మొత్తం తప్పుపోకుండా చదివించిన ఉస్తానీబీకి బస్సు బోర్డు చదవరాదు. రేషన్ కార్డు మీద తన పేరు తప్పు పడ్డా తెలియదు. జనగణన లెక్కలో అక్షరాస్యులంటే ఏడేళ్లు నిండి, ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవను, రాయను వచ్చినోళ్లు. అరబ్బీని అర్థం తెలియకుండా చదివిన ఆడది ఆ లెక్కలోకి రాదు. ఉర్దూ ఉత్తరం చదవను, రాయను వచ్చినామె వస్తుంది. కానీ ఇంటిముందు నిలబడి 'బడికి పోయినవా?' అని అడిగితే ఆమె ఏం చెప్తుంది? లేదనే చెప్తుంది. తాత భూమి కాగితం ఉర్దూలో ఉంటే మనుమడు చదవలేడు. మనుమడి పాస్‌బుక్కు తెలుగులో ఉంటే నానమ్మ చదవలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఇంకొకరి వేలు పట్టుకుని దస్తఖత్ పెట్టాల్సిందే.

బడి లేకుండా పరీక్ష రాయడం అసాధ్యమేమీ కాదు. 1939లో మొదలైన జామియా ఉర్దూ ఇంట్లో చదువుకున్నోళ్లకు అదీబ్, మాహిర్, కామిల్ పరీక్షలు పెట్టింది. 1991లో ఓపెన్ స్కూల్ వచ్చింది. ఇవాళ పది ఉర్దూలోనూ, తెలుగులోనూ రాయొచ్చు. అయితే దానికీ ఫీజుంది, ఫారం ఉంది, ఊరు దాటి పోవాల్సిన పరీక్షా కేంద్రం ఉంది. మావైపు ఒక చెల్లెలు ఫారం కోసం పోతే ఇంటిచదువుకు రుజువేదని అడిగారట. జుమేరాతీ పైసలకు రసీదు ఎవరిస్తారు?

2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చినయ్. ఎందరో ఆడపిల్లలు వాటి వల్ల గడప దాటారు. హాస్టల్‌కు పంపలేని ఇళ్ల మాటేమిటి? ఊరి బడిలో పిల్లలు ఎంతమంది ఉన్నా వారానికి కొన్ని గంటలు ఉర్దూ చెప్పే మనిషి కావాలి. ఉస్తానీబీకి తెలుగు నేర్పి, అంగన్‌వాడీ ఆయమ్మకు ఇచ్చినట్టు నెలనెలా గౌరవవేతనం ఇవ్వాలి. బడి మానేసిన ఆడపిల్ల ఓపెన్ స్కూల్ ఫీజు మసీదు కమిటీ కట్టాలి. జల్సాలకు షామియానాలు వేయించే డబ్బుల్లోంచే కట్టొచ్చు. వచ్చే జుమ్మాకు కమిటీని ఈ సంగతే అడగబోతున్నాం.