కాఫీ తొక్క ఉంది, పేడే చాలదు

మన దేశం వాడే వంటగ్యాస్‌లో దాదాపు 60 శాతం విదేశాల నుంచే వస్తోంది. అది ఓడ దిగి, ఘాటు రోడ్డెక్కి, తారు ఆగిపోయిన చోట మనిషి భుజానికెక్కితే గానీ మన్యంలో పొయ్యి వెలగదు. ఊరి వ్యర్థాలతో ఊరే గ్యాస్ చేసుకోవాలన్న ఆలోచన అందుకే అందరికీ నచ్చుతుంది. అయితే అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ పని ఇంటి పొయ్యితో మొదలుపెడితే నిలవదు, ఆశ్రమ పాఠశాల వంటశాలతో మొదలుపెట్టాలి.

నలుగురైదుగురున్న ఇంటికి 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు చాలు. దానికి రోజూ 50 కిలోల పేడ, దాదాపు అన్నే నీళ్లు కావాలి. కొండ పశువులు కట్టుకొయ్యను నమ్ముకుని బతికేవి కావు. కోతలయ్యాక బీళ్లలో, అడవిలో తిరిగి మేస్తాయి, పేడలో చాలా భాగం అక్కడే పడుతుంది. రాత్రి దొడ్లో మిగిలే పేడకు, దానితోనే చేసే జీవామృతం ఎరువు పోటీ. నీళ్లు గెడ్డ నుంచి ఆడవాళ్లే మోయాలి. విసిరేసినట్టుండే ఇళ్లకు వాలుమీద గొట్టాలు వేయడం మరో తలనొప్పి. కర్ణాటకలోని పుర గ్రామంలో శాస్త్రవేత్త ఏ.కె.ఎన్. రెడ్డి బృందం వంట కోసం తలపెట్టిన ఊరుమ్మడి ప్లాంటుకు పేడ చాల్లేదు. 1987 నుంచి ఆ గ్యాస్‌ను దీపాలకు, నీటి పంపుకు మళ్లించారు. చాలని పనిని వదిలి చాలే పనిని పట్టుకోబట్టే అది ఏళ్ల తరబడి నడిచింది.

మన్యంలో కొరత పేడకే, వ్యర్థానికి కాదు. నవంబరు నుంచి కాఫీ కోతలు. పండు బరువులో సుమారు 40 శాతం తొక్కా గుజ్జే. పండు తొక్క తీసే పల్పర్ కింద ఎర్రగా కుప్పపడి, రెండ్రోజుల్లో పులిసి, ఈగలు ముసిరి, కడుగునీళ్లతో గెడ్డలోకి దిగితే ఆ నీరు పనికిరాకుండా పోతుంది. వాకిట్లో పండును ఎండబెట్టుకునే రైతు దగ్గర ఈ తొక్క దొరకదనుకోండి. పల్పింగ్ ఒకేచోట సాగే అరకు, చింతపల్లి లాంటి చోట్లే పోగుపడుతుంది. ఆ చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో రోజూ పెద్ద వంట, మిగిలిన మెతుకులు, నీళ్ల ట్యాంకు, జీతం మీద పనిచేసే మనిషి అన్నీ ఉన్నాయి. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో కూరగాయల చెత్త నుంచి కరెంటు తీయగలిగారంటే, సరుకు ఒకేచోట ఉండటం, పట్టించుకునే దిక్కు ఉండటం అందుకు పెద్ద కారణాలు.

చలి మాటేమిటని అడగొచ్చు. సబబైన ప్రశ్న. మీథేన్ సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి హాయి, 15 దాటి దిగితే దాదాపు పని మానేస్తాయి. తొక్క వచ్చేదేమో లంబసింగి గడ్డకట్టే నెలల్లోనే. కానీ గోతిలో గాలి చొరకుండా అదిమి కప్పితే తొక్క నెలల తరబడి నిలవుంటుంది. మార్చి ఎండల్లో కొంత, జూన్‌లో బడి తెరిచాక మిగతాది పేడతో కలిపి కొద్దికొద్దిగా వేయాలి. పుల్లటి సరుకు ఒక్కసారే పోస్తే ప్లాంటు చెడుతుంది. వేసవి సెలవుల్లో కాస్త పేడతో దాని ప్రాణం నిలబెడితే చాలు. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏటా 3 గ్యాస్ బండలు ఉచితమైతే ఇదంతా దేనికన్నది రెండో ప్రశ్న. మూడూ కలిపి 42.6 కిలోలు, అంటే పైన చెప్పిన ఇంటి ప్లాంటు 50 రోజుల్లో ఇచ్చే గ్యాస్. అయినా ఇళ్లకు ఆ బండలే ఉండనివ్వండి. బడి వంటశాల ఆ పథకంలో లేదు, అక్కడ కట్టెలైనా గ్యాసైనా కొనాల్సిందే. ఎరువు తగ్గుతుందన్న భయమూ అక్కర్లేదు. గ్యాస్‌గా పోయేది ముఖ్యంగా కార్బన్, నత్రజని ప్లాంటు నుంచి బయటికొచ్చే స్లర్రీలోనే ఉండి కాఫీ మొక్కకు తిరిగొస్తుంది. బరువైన ఆ స్లర్రీని వాలుమీదికి మోయడం మాత్రం కష్టమే, కాబట్టి తోట కంటే ఎగువన ప్లాంటు కట్టాలి.

ఇలాంటి వాటికి నిర్మాణ సబ్సిడీ తేవడం అంత కష్టం కాదు. నెలనెలా కూలీ డబ్బు తేవడమే కష్టం. పాడేరు ఐటీడీఏ మొదటి గొయ్యి తవ్వకముందే, రోజూ తొక్క కలిపి కవాటాలు చూసే మనిషి జీతం ఏ పద్దులోంచి వస్తుందో కాగితం మీద పెట్టాలి.