పోగుల లెక్క రాసిపెట్టండి

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో చదువుకుంటున్న మా అమ్మాయి సంక్రాంతికి వస్తూ నాకో ఉన్ని మఫ్లర్ తెచ్చింది. గళ్ల గుడ్డ. అక్కడివాళ్లు టార్టన్ అంటారు. చీరాల దగ్గర రుమాళ్లు నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, చెయ్యి ఊరుకోదు. భూతద్దం తీసి పోగులు లెక్కపెట్టాను. ఆకుపచ్చ 24, నలుపు 4, నీలం 24, ఎరుపు 6. ఎరుపు దగ్గర లెక్క వెనక్కి తిరిగింది. మళ్లీ నీలం, నలుపు, ఆకుపచ్చ. పడుగులో ఏ లెక్కో పేకలోనూ అదే. ఎరుపు మీద ఎరుపు పడ్డచోట నిండు రంగు, ఎరుపూ ఆకుపచ్చా కలిసినచోట రెండూ కాని మరో ఛాయ. పేక రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా సాగుతూ, వరస వరసకీ ఒక్క పోగు పక్కకి జరుగుతుంది. అందుకే గళ్లలో సన్నటి ఏటవాలు గీతలు. నాలుగు రంగుల నూలుతో పది ఛాయలు పలికించిన నేత అది.

'ఇది ఫలానా వంశంవాళ్లది' అని దుకాణంలో చెప్పారట. నా మనసు ఒప్పుకోనిది ఆ మాటనే.

గళ్ల నేత స్కాట్లండ్‌లో చాలా పాతది. ఫాల్కర్క్ దగ్గర రోమన్ నాణేల కుండకు మూతగా కుక్కిన ముక్క మూడో శతాబ్దిది. గ్లెన్ ఆఫ్రిక్ బురదనేలలో దొరికిన రంగుల టార్టన్ 1500-1600 మధ్యదని పరీక్షల్లో తేలింది. వంశానికో టార్టన్ అన్న కట్టుబాటు మాత్రం చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడిందే. స్కాట్లండ్ ఉత్తరాన హైలాండ్ కొండసీమ తిరుగుబాటుదారులు ఓడిపోయిన కలోడెన్ యుద్ధం తర్వాత 1746లో ఆ సీమ మగవాళ్ల సంప్రదాయ దుస్తులను చట్టం నిషేధించింది. రెండోసారి పట్టుబడితే ఏడేళ్ల ప్రవాస శిక్ష. 1782లో ఆ చట్టం పోయింది. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరా వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఉత్సవమంతా టార్టన్‌మయం చేశాడు. ప్రతి వంశమూ తన గుడ్డ కోసం వెతుక్కుంది. బానక్‌బర్న్‌లో విల్సన్ కుటుంబపు నేతశాల అంతకుముందు అంకెలతో అమ్మిన నమూనాలు కొన్నిటికి వంశాల పేర్లు వచ్చిచేరాయి. ఆ నేతశాల 1819లో రాసుకున్న నమూనాల పుస్తకం మాత్రం ఈనాటికీ ఆధారంగా నిలిచింది. పేర్లు మారాయి, పోగుల లెక్క నిలబడింది.

1703లో మార్టిన్ మార్టిన్ అనే ఆయన స్కాట్లండ్ పశ్చిమ ద్వీపాల గురించి రాస్తూ, అక్కడి ఆడవాళ్లు నమూనాను ఒక కొయ్యముక్క మీద గుర్తుపెట్టుకునేవారనీ, ఏ చారకు ఎన్ని పోగులో దాని మీద ఉండేదనీ చెప్పాడు. గుడ్డను చూసి మనిషిది ఏ ఊరో పోల్చుకోవచ్చన్నాడు.

అది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. మా నాన్న అట్టముక్కకు రంగు నూలు చుట్టి దాచేవాడు, చారకు ఎన్ని పోగులో అన్ని చుట్లు. అమ్మ కండెలు చుడుతూ ఆ అట్టను ఎదురుగా పెట్టుకునేది. ఆ రోజుల్లో మా వైపు గళ్ల గుడ్డ 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో నైజీరియా దాకా వెళ్లేది. పెంకుటిల్లు పడగొట్టిన రోజు అట్టలన్నీ మట్టిలో కలిసిపోయాయి. వాటిని ఏరి దాచుకోవాలన్న తెలివి నాకు అప్పుడు లేకపోయింది. నాన్న పోయాక ఆ లెక్కలు అడగడానికి మనిషి లేడు.

స్కాట్లండ్ 2008లో చట్టం చేసి టార్టన్‌లకు ప్రభుత్వ రిజిస్టర్ పెట్టింది. కొత్త నమూనా నమోదు చేయించుకోవాలంటే పోగుల లెక్క ఇవ్వాలి. మనకూ అలాంటిదొకటి కావాలి. చేనేత సహకార సంఘాలు ఊరూరా పెద్దల దగ్గర కూర్చుని రంగుల వరస, పోగుల లెక్క, నూలు నంబరు రాసుకోవాలి. కాలేజీ పిల్లలను వెంట తీసుకెళ్లినా చాలు. భౌగోళిక గుర్తింపు (జీఐ) ఊరి పేరును మాత్రమే కాపాడుతుంది. ఈ లెక్క ఉంటేనే ఆ గుడ్డను రేపు మళ్లీ నేయగలం. డెబ్బై దాటిన చేతుల్లో ఉన్న విద్య ఇది, ఆలస్యానికి తావు లేదు.

అమ్మ ట్రంకుపెట్టెలో ఒక్క రుమాలు మిగిలింది. మొన్న ఆదివారం దాన్ని నేల మీద పరిచి, అంచు నుంచి అంచుదాకా లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాశాను. పైన నేసినవాడిగా నాన్న పేరు. దాని పక్కనే అమ్మ పేరు. కండెలు చుట్టింది, ఆ లెక్క తప్పకుండా చూసింది ఆవిడే.