సరిహద్దు దాటే ప్రణాళికలో మునిసిపాలిటీకి కుర్చీ ఏదీ?

"పొరుగు దేశాలతో ప్రాంతీయ సహకారం" అన్న ప్రశ్న కనబడగానే మన కలం దానంతటదే పరుగెడుతుంది. సార్క్ 1985, బిమ్స్‌టెక్ 1997, బీబీఐఎన్ మోటారు వాహనాల ఒప్పందం 2015. చివర్లో "రాజకీయ సంకల్పం అవసరం". నేనూ చాలాకాలం ఇలాగే రాశాను. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సమాధానంలో ఒక్క ఊరు కూడా ఉండదు.

ఈసారి ఒక ఊరితో మొదలుపెట్టి చూడండి. బిహార్‌లో రక్సౌల్, దాన్ని ఆనుకుని నేపాల్‌లో బీర్‌గంజ్. సరిసవా నది బీర్‌గంజ్ మీదుగా రక్సౌల్‌కు వస్తుంది, వస్తూ అక్కడి కర్మాగారాల మురికిని వెంట తెస్తుంది. ఏ కర్మాగారం ఎక్కడ ఉండాలి, దాని మురుగు ఎటు పోవాలి అని ముందే తేల్చుకోవడమే కదా ప్రణాళిక! అది తేలే చోట రక్సౌల్ మునిసిపాలిటీకి కుర్చీ లేదు. అదే జిల్లాలోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల పెట్రోలియం పైప్‌లైన్ మాత్రం 2019లో ప్రారంభమైంది. రెండు రాజధానులు కూర్చుంటే పైప్‌లైన్ వస్తుంది. మురికినీటి కోసం రాజధాని దాకా ఎవరు వెళ్తారు?

దీనికి మూలం మన రాజ్యాంగంలోనే ఉంది. విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. పట్టణ ప్రణాళిక 12వ షెడ్యూలులో మొట్టమొదటి అంశం, జిల్లా ప్రణాళిక కమిటీ 243జెడ్‌డి అధికరణం. అంటే పొరుగువాడితో మాట్లాడే అధికారం ఒకరిది, ప్లాన్ గీసే పని మరొకరిది. ఇద్దరూ కలిసే చోటు లేదు. 2011లో తీస్తా ఒప్పందం పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో ఆగినప్పుడు దాన్ని రాజకీయ గొడవగానే చదువుకున్నాం. నా దృష్టిలో అది ఈ ఖాళీ వల్ల వచ్చిన చిక్కు కూడా.

యూరప్‌లో కథ కింది నుంచి మొదలైంది. 1958లో జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దులోని గ్రోనౌ, ఎన్‌షెడే చుట్టుపక్కల స్థానిక సంస్థలు కలిసి 'యూరెజియో' పెట్టుకున్నాయి. చట్టం తర్వాత వచ్చింది: స్థానిక సంస్థల సరిహద్దు సహకారంపై 1980లో మాడ్రిడ్ ఒప్పందం, ఆ తర్వాత 1990లో ఇంటర్‌రెగ్ నిధులు. 1999లో పోట్స్‌డామ్‌లో 15 దేశాల మంత్రులు యూరప్ మొత్తానికి ఒక ప్రాదేశిక అభివృద్ధి దృక్పథాన్ని ఆమోదించారు. దానికి చట్టబద్ధత లేదు, ఎవరూ పాటించి తీరాలని లేదు. అయినా పనికొచ్చింది, ఎందుకంటే అప్పటికే కింద నలభై ఏళ్ల అలవాటు ఉంది. సరిహద్దుకు ఇరువైపుల సంస్థలు కలిసి ఒకే చట్టబద్ధ సంస్థగా ఏర్పడే వీలు యూరోపియన్ యూనియన్ అంతటికీ 2006లో గానీ రాలేదు.

"యూరప్ వేరు, మన దగ్గర అనుమానాలు ఎక్కువ" అంటారా? 1958 నాటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదమూడేళ్లే. నెదర్లాండ్స్‌ను జర్మనీ ఐదేళ్లు ఆక్రమించుకుని ఉంచింది. అంతకు మించిన అనుమానం ఇంకేముంటుంది?

భద్రత అన్న వాదనను మాత్రం నేను కొట్టిపారేయను. చొరబాట్లు, స్మగ్లింగ్ నిజం. పైగా చిన్న దేశాల భయం వేరు: బీబీఐఎన్ ఒప్పందాన్ని 2016లో భూటాన్ ఎగువ సభ తిరస్కరించింది. అందుకే పెద్ద కారిడార్లతో కాకుండా మురుగు, చెత్త, సంత లాంటి చిన్న పనులతో మొదలుపెట్టాలంటాను. సరిహద్దు జిల్లాల ప్రణాళిక కమిటీలు అవతలి జిల్లాతో ఏడాదికోసారైనా కలిసి కూర్చునేలా కేంద్రమే ఒక ఒప్పందం కుదుర్చుకోవచ్చు. దాని అమలుకు చట్టం చేసే అధికారం 253వ అధికరణం కింద పార్లమెంటుకు ఉంది.

ఇది గాల్లో మేడ కాదు. 2011లో మేఘాలయలోని కలాయిచర్ దగ్గర భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు సంత తెరిచారు. దాన్ని నడిపే కమిటీలో అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌తో పాటు కస్టమ్స్, పోలీసు, సరిహద్దు దళం వాళ్లుంటారు. వాళ్ల పక్కనే పంచాయతీ స్థాయి ప్రతినిధికి కూడా ఒక కుర్చీ ఉంది.