మేకుల జబ్బు

లండన్ వీధుల్లో విక్టోరియా రాణి కాలం నాటి ఇళ్ల కప్పుల వంక చూస్తే, అక్కడక్కడా ఏదో ఒక రాతి పలక కింది అంచున సన్నని సీసపు పట్టీ మడత పెట్టి కనిపిస్తుంది. జారిన పలకను మళ్లీ పైకి నెట్టి, పడిపోకుండా వేసిన కొక్కెం అది. ఒకటీ అరా ఉంటే ఫరవాలేదు. కప్పంతా అవే అయితే మాత్రం ఇంటికి ‘మేకుల జబ్బు’ పట్టిందంటారు అక్కడి పనివాళ్లు. అంటే రాయి బాగానే ఉంది. దాన్ని రీపరుకు పట్టి ఉంచిన ఇనుప మేకే తుప్పుపట్టి తెగుతోంది.

ఆ రాయి చాలావరకు ఉత్తర వేల్స్‌ది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లకు దాని తీరు తెలుసు: ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా విడివడుతుంది. నీళ్లు పీల్చదు కనుక వందేళ్లు అవలీలగా దాటేస్తుంది. ఓడల్లో వెళ్లే పలకలపై సుంకాన్ని 1831లో ఎత్తేశారు. ఆ తర్వాత రైళ్లొచ్చాయి. అంతవరకు ఏ ఊళ్లో దొరికే గడ్డో, పెంకో ఆ ఊరి ఇళ్లకు దిక్కు; ఇక ఎక్కడ చూసినా నీలి బూడిదరంగు కప్పులే.

కలవారు పలకల అంచులను చేప పొలుసుల్లా చెక్కించి, రంగుల వరుసలు పేర్పించి, నడికొప్పు మీద ఎర్రమట్టి శిఖరాలు పెట్టించుకున్నారు. లండన్‌లో బారుగా కట్టిన ఎన్నో ఇళ్లది ఇంకో పద్ధతి. ముందు గోడ పైకి లేపి కప్పును దాచేస్తారు. వెనక రెండు వాలులూ లోపలికి దిగి మధ్యలో ఒక కాలువలో కలుస్తాయి. ఆకులు అడ్డుపడితే వాన నీరంతా ఇంట్లోకే. పైన పటారం, లోన లొటారం అనక తప్పదు.

పలకల కొలతలకు పెట్టిన పేర్లు మాత్రం రాణివాసానివే. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు ఉంటే ‘డచెస్’. 20కి 10 అయితే ‘కౌంటెస్’. 16కి 8 అయితే ‘లేడీ’. ఆ దొరసానులను చీల్చి తీసిన కార్మికులకు దక్కింది ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. బెథెస్డా దగ్గరి పెన్‌రిన్ గనిలో వాళ్లు 1900 నుంచి 1903 దాకా పనిలోకి దిగకుండా నిలబడ్డారు. ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’ అని కిటికీల్లో అట్టలు పెట్టుకున్నారు. చివరికి గెలిచింది యజమానే.

మేకులు చెడ్డాయని ఇంత రాయినీ దించి పారేసి, సిమెంటు పలకలు పరిపించేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తెలిసిన పనివాడు ఒక్కో పలకనూ వేలితో కొట్టి చూస్తాడు. ఖంగున మోగితే మంచిది, మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టు. మోగినవాటిని ఈసారి రాగి మేకులతో మళ్లీ బిగిస్తాడు. అంచు విరిగిన డచెస్‌ను కూడా వదలడు. చుట్టూ కోసి కౌంటెస్‌గా మార్చుకుంటాడు.