‘స్త్రీ’ ఎన్ని అక్షరాలు?

రెండో తరగతి పిల్లను అడిగినా ‘స్త్రీ’ ఒకటే అక్షరమని చెబుతుంది. కంప్యూటర్‌ను అడిగితే ఆరు అనొచ్చు, మూడు అనొచ్చు, ఒకటి అని కూడా అనొచ్చు. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో కూర్చుని తెలుగు సందేశాలున్న యాప్‌ను సరిదిద్దే ప్రోగ్రామర్‌కు ఇది వ్యాకరణ చర్చ కాదు. ఒక్క మీట నొక్కితే తెరపై నుంచి ఎంత చెరిగిపోతుందన్న ప్రశ్న.

ఈ కథకు మూలం 1976లో ఉంది. అమెరికాలోని బర్కిలీలో బిల్ జాయ్ ‘వీఐ’ అనే ఎడిటర్ రాశారు. మౌస్ వాడకం ఇంకా జనంలోకి రాని రోజులవి. అందుకే అందులో ఒకే మీటకు రెండు పనులు. రాసే స్థితిలో ‘డి’ నొక్కితే ‘డి’ పడుతుంది. ఎస్కేప్ నొక్కి ఆజ్ఞల స్థితిలోకి వెళ్తే అదే ‘డి’ చెరపమనే ఆదేశమవుతుంది. బ్రామ్ మూలెనార్ 1991లో దాన్ని ‘విమ్’గా విస్తరించారు. ఆయన 2023లో కన్నుమూసినా ఆయన నేర్పిన అలవాటు పోలేదు. ఆ అలవాటున్న వేళ్ల కోసమే కొత్త ఎడిటర్లు విమ్‌ను అనుకరించే సదుపాయం కల్పిస్తున్నాయి.

అనుకరణ అనుకున్నంత తేలిక కాదు. ‘డి’, ‘డబ్ల్యూ’ వరుసగా నొక్కితే పదంతోపాటు దాని పక్కనున్న ఖాళీ కూడా పోతుంది. ‘సి’, ‘డబ్ల్యూ’ నొక్కితే పదం పోయినా ఖాళీ మిగులుతుంది. తర్కానికి అందకపోయినా వాడుకలో స్థిరపడిన ఇలాంటి తిరకాసులు ఎన్నో. అందుకే ‘జెడ్’ ఎడిటర్ రూపకర్తలు ఒకే మీటల వరుసను తమ ఎడిటర్‌కూ, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌కూ ఇచ్చి ఫలితాలను పోల్చి చూస్తారు. మిగిలిన పాఠం, కర్సర్ ఉన్న చోటు రెండూ కలిస్తేనే పాసైనట్టు.

పద్ధతి పకడ్బందీదే. కానీ తూకం రాయిలోనే తేడా ఉంటే? యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. విమ్ సంప్రదాయ లెక్కలో పొల్లు, గుణింతం ముందున్న హల్లుతో కలుస్తాయి కాబట్టి అవి మూడు. మొదటి అక్షరంపై కర్సర్ పెట్టి ‘ఎక్స్’ నొక్కితే ‘స్’ మాత్రమే పోయి ‘త్రీ’ మిగులుతుంది. సంకేతానికో అక్షరం చొప్పున లెక్కించే ఎడిటరైతే ‘స’ను మాత్రమే తీసేసి, ఆధారం లేని పొల్లును గాలిలో వదిలేస్తుంది. సంయుక్తాక్షరం మొత్తాన్ని ఒకే గుచ్ఛంగా చూసే నియమాన్ని యూనికోడ్ 2023 సెప్టెంబర్‌లో 15.1 వెర్షన్‌లో చేర్చింది. తెలుగు కూడా అందులో ఉంది. విమ్‌ను అచ్చుగుద్దినట్టు అనుసరించాలా, తెలుగు పాఠకుడి కంటిని నమ్మాలా అన్నది ఇప్పుడు ఎడిటర్ రూపకర్తలు తేల్చుకోవాల్సిన విషయం.

రెండో చిక్కుకు ఢిల్లీతోనే సంబంధం. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ప్రామాణికం చేసింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991 నాటి ఐఎస్ 13194లో దానికి చోటిచ్చింది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక. ఆ కీబోర్డులో ‘డి’ మీట పొల్లు, ‘ఎక్స్’ మీట సున్నా. తెలుగు టైపు చేసి ఎస్కేప్ నొక్కిన వ్యక్తి భాష మార్చడం మరిచి ‘డి’ నొక్కితే ఎడిటర్‌కు అందేది ఆదేశం కాదు, పొల్లు. దానికేమీ అర్థం కాదు. విమ్‌లో దీనికి విరుగుడు ఉంది: ‘కీమ్యాప్’ పెట్టుకుంటే రాసేటప్పుడు తెలుగు, ఆజ్ఞలకు ఇంగ్లిష్. అనుకరించే ఎడిటర్ ఈ సదుపాయాన్ని వదిలేస్తే ఇంగ్లిష్ వాడేవారికి ఆ లోటు తెలియను కూడా తెలియదు.

పరీక్షల్లో లేని భాషకు ఎడిటర్‌లో హామీ ఉండదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో చాలావాటి కోడ్ బహిరంగమే, ఎవరైనా పరీక్ష రాసి పంపవచ్చు. ఒక పాఠం, ఒక మీట, రావలసిన ఫలితం ఉంటే చాలు. ఆ పాఠం ‘స్త్రీ’ అయితే మరీ మంచిది. అది ఒకే అక్షరమని యంత్రానికి చెప్పాల్సింది తెలుగు చదవడం వచ్చినవారే.